నీటితో మోటారు నడచునా?

కారు నడిపి కుటుంబమును పోషించుకొనువారికి పెట్రోలు ధరయు బియ్యపు ధరయు వేఱు కావు. మొదటిదానికి పోయిన రూపాయ రెండవదానికి మిగులదు. మా పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో ఇట్టివారు పలువురు కలరు. శాలిబండ మొదలు చాంద్రాయణగుట్ట వఱకు గల వీధులలో అద్దె కార్లు, ఆటోలు నడుపుచు, రాత్రి పొద్దుపోయి యిల్లు చేరి, ఆ దినపు రాబడిలో బంకునకు పోయిన దెంత, ఇంటికి మిగిలిన దెంత యని లెక్కించుకొనువారు వారు. అట్టివారియొద్దకు ఎవరైన వచ్చి, "ఈ చిన్న సీసాను బండికి తగిలించుకొనుము, పెట్రోలు పనిలో కొంత నీరే చేయును" అని చెప్పినచో వారు చెవియొగ్గి వినుట సహజము. వారిని చూచి నవ్వుట న్యాయము కాదు. ఆ మాట నిజమా కాదా యని విచారించి చెప్పుట చదువుకొన్నవారి ధర్మము. ఆ విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఆ సాధన మెట్టిదో చెప్పెదము. ఒక గట్టి డబ్బాలో తుప్పుపట్టని ఉక్కు పలకలను ఒకదానికొకటి తగులకుండ నిలిపి, నీరు పోసి, అందులో కాస్టిక్ పొటాషును కొంచెము కలుపుదురు. కారు బ్యాటరీనుండి రెండు తీగలు తెచ్చి పలకలకు తగిలింతురు. విద్యుత్తు ప్రవహింపగనే బుడగలు లేచును. అవి ఉదజని, ఆమ్లజని యను రెండు వాయువుల మిశ్రమము. నేటి వాడుకలో హైడ్రోజను, ఆక్సిజను. ఒక గొట్టముద్వారా ఆ మిశ్రమమును ఇంజను గాలి పీల్చుకొను మార్గములోనికి పంపుదురు. దీనినే అంగళ్లలో హెచ్.హెచ్.ఓ. కిట్టు అందురు. ఇందులో మాయ యేదియు లేదు. 1800వ సంవత్సరములోనే ఇంగ్లండు దేశమున నికల్సన్, కార్లైల్ అను నిద్దఱు, వోల్టా కనిపెట్టిన విద్యుద్ఘటమును ఉపయోగించి నీటిని ఇట్లే విడదీసిరి. మన ప్రయోగశాలలో విద్యార్థులును ఏటేట ఈ పని చేయుచునే యున్నారు. బుడగలు నిజము, ఆ వాయువు మండుటయు నిజము. సందేహము వేఱొకచోట నున్నది.

ఈ విషయము మాకు పుస్తకములనుండి రాలేదు. పదవ తరగతి విద్యార్థి యొకడు ఇట్టి డబ్బానొకదానిని సంచిలో పెట్టుకొని మాయొద్దకు వచ్చెను. వాని చిన్నాన్న అద్దె కారు నడుపును. ఆయన మూడు నెలల క్రిందట ఒక మెకానిక్కు సాయముతో ఇట్టిదానినే తన బండికి అమర్చుకొనెనట. అంతకుముందు లీటరుకు 14 కిలోమీటరులు నడచిన బండి ఇప్పుడు 17 నడచుచున్నదట. పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో దానిని చూపుటకు సెలవిండని బాలుడు కోరెను. అంతటితో ఆగినచో మేము దానిని పిల్లవాని ముచ్చటగా నెంచియుందుము. కాని వాడు సంతోషము పట్టలేక మఱియొక మాట చెప్పెను: "చిన్నాన్న అప్పు చేసి ఇలాంటివి నలభై చేయిస్తాడు సార్. స్టాండులో అందరూ కొంటామన్నారు. అక్క పెండ్లి ఖర్చు వీటితోనే వెళ్లిపోతుందట."

ఆ మాటతో విషయము బరువెక్కెను. మేము ఊరకున్నచో నలువది యిండ్ల సొమ్ము ఆ డబ్బాలలో పడును. కాదని గట్టిగా చెప్పినచో, ఇరువది యేండ్లుగా స్టీరింగు పట్టిన మనుష్యుడు నల్లబల్లమీది లెక్కను నమ్మడు. తన కన్నులార చూచినదానిని వట్టి మాటకు విడిచిపెట్టవలసిన పనియు లేదు. కావున మొదట లెక్క చేయుదము, పిమ్మట కొలిచి చూతము అని నిశ్చయించితిమి.

లెక్క యిట్లున్నది. బ్యాటరీలోని విద్యుత్తు ఎక్కడినుండి వచ్చును? ఇంజను త్రిప్పెడి ఆల్టర్నేటరునుండి. ఇంజను దేనివలన తిరుగును? పెట్రోలువలన. కనుక ఆ బుడగలకు మూలము నీరు కాదు, పెట్రోలే. నీరు ఇంధనము కానేకాదు. ఉదజని కాలిపోగా ఏర్పడినదే నీరు. కట్టెకు బూడిద యెట్టిదో ఉదజనికి నీరట్టిది. బూడిదను మరల కట్టెగా చేయవలెనన్నచో, కట్టె కాలినపుడు వెలువడిన వేడి యంతయు తిరిగి యీయవలెను. దారిలో వ్యర్థమగునది అదనము.

అంకెలతో చూతము. డబ్బాలో ఆరు అరలున్నవనుకొందము. 13.8 వోల్టులవద్ద 20 ఆంపియరుల విద్యుత్తు ఒక గంట ప్రవహించినచో, ఖర్చగు విద్యుచ్ఛక్తి సుమారు 1 మెగాజౌలు. 1830ల దశకమున ఫారడే కనుగొనిన నియమము ప్రకారము ఆ విద్యుత్తు విడుదల చేయగల ఉదజని సుమారు నాలుగున్నర గ్రాములు. దానిని కాల్చినచో వచ్చు వేడి 0.54 మెగాజౌళ్లు. ఇక ఆ ఒక్క మెగాజౌలు విద్యుత్తును పుట్టించుటకు ఆల్టర్నేటరు ఇంజనునుండి సుమారు 1.8 మెగాజౌళ్ల పనిని లాగుకొనును. ఇంజను తాను త్రాగిన పెట్రోలు శక్తిలో నూటికి 30 వంతులే పనిగా మార్చుననుకొన్నను, ఆ పనికి 6 మెగాజౌళ్ల పెట్రోలు కాలవలెను. అనగా లీటరులో దాదాపు అయిదవ వంతు. కావున 6 ఇచ్చి 0.54 పుచ్చుకొనుచున్నాము. పదునొకండు రూపాయలు చెల్లించి ఒక రూపాయ తెచ్చుకొను వర్తకము పత్తర్‌గట్టిలో ఏ వర్తకుడును చేయడు.

ఇందులోనే గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ నాలుగున్నర గ్రాముల ఉదజనికై విడిపోవు నీరు గంటకు 40 గ్రాములు మాత్రమే. గంటకు 40 కిలోమీటరుల వేగమున పోవు బండికి ఒక లీటరు నీరు వేయి కిలోమీటరులు వచ్చును. అమ్మువారు దీనినే గొప్పగా చెప్పుదురు. నిజమునకు నీరు అంత నెమ్మదిగా తఱుగుట, పుట్టుచున్న వాయువు ఎంత స్వల్పమో తెలుపు గుఱుతు. అదే గంటలో లీటరుకు 15 కిలోమీటరులు నడచు కారు రెండున్నర లీటరులకు పైగా పెట్రోలు త్రాగును. దాని శక్తి సుమారు 85 మెగాజౌళ్లు. అందు 0.54 నూటికి ఒకటియైన కాదు.

దీనికి అమ్మువారి ప్రత్యుత్తర మొకటి కలదు. "ఉదజని శక్తి కొంచెమే కావచ్చును, కాని అది పెట్రోలును చక్కగా మండునట్లు చేయును" అని వారందురు. ఈ మాటను వట్టిదని త్రోసివేయరాదు. 1977లో అమెరికా దేశపు నాసా సంస్థవారు ఉదజని చేర్చినచో పెట్రోలు పాలు తక్కువగా నున్న మిశ్రమము కూడ ఇంజనులో నిలుకడగా మండునని ప్రయోగముల మూలమున చూపిరి. అయితే వారు వాడిన ఉదజని సిలిండరులనుండియు, మిథనాలును విడదీయు యంత్రమునుండియు వచ్చినది. బండి ఆల్టర్నేటరునుండి కాదు. అంతేకాక, నేటి కారులోని పెట్రోలు నూటికి 98 వంతులకు పైగా ఇదివఱకే మండిపోవుచున్నది. శక్తి పోవుచున్నది మండక కాదు. పొగగొట్టముగుండ, రేడియేటరుగుండ వేడియై పోవుచున్నది. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు గాలికిని పెట్రోలుకును గల పాలును నిరంతరము సరిచేయుచునే యుండును. చక్కగా మండుటకు మిగిలిన పెట్రోలే లేనపుడు ఉదజని దేనిని మండించును?

పెద్దలు కొందఱు, "యుద్ధకాలమున బొగ్గుతో బస్సులు నడువలేదా?" అని ప్రశ్నింతురు. నడచినవి. రెండవ ప్రపంచ యుద్ధమున పెట్రోలు కఱవై మన దేశములో రేషను పెట్టినపుడు, బండి వెనుక పొయ్యివంటి యంత్రమును కట్టి, కట్టెబొగ్గునుండి వచ్చు వాయువుతో ఇంజనులను నడిపిరి. ఆ యంత్రము మూటలకొలది బొగ్గును తినెను. ఆ బొగ్గు బండికి వెలుపలినుండి వచ్చినది. ఏ యంత్రమును చూచినను, "ఇది యేమి తినును? ఆ తిండి యెక్కడనుండి వచ్చును?" అని అడుగుట మన విద్యార్థులకు అలవాటు కావలెను. నీటి డబ్బాను ఆ ప్రశ్న అడిగినచో అది బండిలోని పెట్రోలునే వ్రేలుపెట్టి చూపును.

ఈ లెక్కను ఆ చిన్నాన్నగారికి నెమ్మదిగా వివరించితిమి. ఆయన మర్యాదగా విని, "లెక్క మీది సార్, బండి నాది. మూడు కిలోమీటర్లు పెరిగింది నిజం. ఎలా కావాలంటే అలా కొలిచి చూడండి, నాకేం భయం లేదు" అనెను. అంతకంటె సరియైన మాట మఱియొకటి లేదు.

కొలుచుట సులభమని తోచును గాని, ఆశతో కొలుచువాని చేతిలో త్రాసు వంగును. ఇందుకు మన నగర చరిత్రలోనే యొక దృష్టాంత మున్నది. 1888, 1889 సంవత్సరములలో మూసీ తీరమున నున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడగు ఎడ్వర్డ్ లారీగారి ప్రేరణచే, నిజాము ప్రభువగు మహబూబ్ అలీఖానుగారి ధనసాహాయ్యముతో, క్లోరోఫారమును గూర్చి రెండు విచారణ సంఘములు ఏర్పడెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, ఆ మందు గుండెకు నేరుగా అపాయము చేయదనియు, ఊపిరిని గమనించుచుండిన చాలుననియు నిర్ణయించిరి. ప్రయోగములకు ముందే లారీగారికి ఆ నమ్మకము గట్టిగా నుండెను. కాని క్లోరోఫారము గుండెను హఠాత్తుగా నిలిపివేయగలదని 1911లో లెవీ యను వైద్యుడు ఇంగ్లండులో నిరూపించెను. అంత శ్రమ, అంత ధనము, అంత విద్వత్తు కలిసినను, ముందే కుదిరిన నమ్మకము ఫలితముపై నీడ పఱుపగలదు. కావున మేము చేయు చిన్న పరీక్షలో చిన్నాన్నగారి నమ్మకమునకుగాని, మా సందేహమునకుగాని చోటు లేకుండ చేయవలసి యుండెను.

అందులకు ఈ క్రమ మేర్పఱచితిమి. ఎనిమిది దినములు, వేకువనే, రద్దీ లేని వేళ, చాంద్రాయణగుట్టనుండి పహాడీషరీఫ్ మీదుగా తుక్కుగూడ వఱకు పోయి వచ్చుట. ప్రతిదినము అదే బంకులో, అదే పంపువద్ద, ట్యాంకు నిండువఱకు పోయించుట. టైర్లలో గాలి ఒకే కొలత. బండిలో ఆ ముగ్గురే మనుష్యులు. డబ్బా నాలుగు దినములు పనిచేయవలెను, నాలుగు దినములు పనిచేయరాదు. ఏ దినమున ఏది యనునది చీట్లు వేసి నిర్ణయించితిమి. చీటిని మఱియొక ఉపాధ్యాయుడు తీసి, బానెట్టు క్రింది స్విచ్చిని అమర్చి, చీటిని కవరులో పెట్టి అంటించును. ఆయన బండి ఎక్కడు. బండి నడుపు చిన్నాన్నగారికిని, పెట్రోలు లెక్క వ్రాయు మాకును బాలునికిని, ఆనాడు డబ్బా పనిచేయుచున్నదో లేదో తెలియదు.

ఎనిమిదవ దినమున కవరులు విప్పితిమి. డబ్బా పనిచేసిన దినముల సగటునకును, పనిచేయని దినముల సగటునకును చెప్పుకొనదగిన భేదము లేదు. ఒకే స్థితిలో ఒక దినమునకును మఱునాటికిని గల తేడాయే అంతకంటె పెద్దది. ఆయన డబ్బా మేము పైన లెక్కించినదానిలో సగము విద్యుత్తునే తీసికొనును గనుక, దానివలని నష్టము కూడ మా కొలతకు అందనంత చిన్నదై యుండును. కాని మేము ఎదురుచూడని విషయ మొకటి ఆ కాగితముపై కనబడెను. ఎనిమిది దినములును, డబ్బా పనిచేసినను చేయకున్నను, బండి లీటరుకు 14 కిలోమీటరులకంటె చాల హెచ్చుగనే నడచెను.

అప్పుడు చిన్నాన్నగారిని కొన్ని ప్రశ్నలు అడిగితిమి. డబ్బా అమర్చిననాడే మెకానిక్కు స్పార్కు ప్లగ్గులు మార్చి, గాలి వడపోత శుభ్రము చేసి, టైర్లలో గాలి నింపెనట. అంతకుముందు నెలలకొలది టైర్లను చూచినవారు లేరు. డబ్బా పెట్టిన తరువాత ఆయన ప్రతిదినము మైలేజీ వ్రాసికొనసాగెను. వ్రాసికొనువాడు ఊరక యాక్సిలరేటరు త్రొక్కడు. బ్రేకు వేయుటకు ముందే కాలు తీయును. మదీనా కూడలివద్ద బండ్లు నిలిచిపోయినపుడు ఇంజనును ఆపును. ఇవన్నియు ఆయన చేసినవే. లాభము నిజము, ఆయన అబద్ధ మాడలేదు. ఆయన చేతులు సంపాదించిన లాభమునకు డబ్బా పేరు మోసినది, అంతియే.

ఆయన కాగితమును చాలసేపు చూచి, "అయితే ఈ మూడు కిలోమీటర్లు నావేనా సార్?" అని అడిగెను. "మీవే" అంటిమి.

అప్పు చేయు ఆలోచనను ఆయన మానుకొనెను. స్టాండులోని మిత్రులకు తానే సంగతి చెప్పెను. ఒకరిద్దఱు ఆయనను ఎగతాళి చేసిరని తరువాత వింటిమి. అన్న కూతురి పెండ్లి ఖర్చు సమస్య మాత్రము ఉన్నచోటనే యుండెను. మేము చేసిన లెక్క ఆ యింటికి ఒక్క రూపాయ తెచ్చిపెట్టలేదు. తీరని అప్పొకటి చేరకుండ ఆపినది. సత్యము చెప్పినందుకు ప్రతిసారియు బహుమానము దొరకునని పిల్లలకు బోధించుట మాకు ఇష్టము లేదు. బాలుడు విజ్ఞాన ప్రదర్శనలో, ఖాళీ డబ్బా ప్రక్కన ఎనిమిది దినముల పట్టికను గోడకు అంటించి నిలువబడెను. వానియొద్దకు జనము ఎక్కువగా రాలేదు. పొగలు క్రక్కు అగ్నిపర్వతపు బొమ్మయొద్దకే పోయిరి. వచ్చిన కొలదిమందికి మాత్రము వాడు ప్రతి అంకెను విడమరచి చెప్పెను.

ఇట్టి ఆశ మన నగరమునకే ప్రత్యేకము కాదు. అమెరికాలో స్టాన్లీ మేయర్ అను నతడు నీటితో నడచు వాహనమును కనిపెట్టితినని ప్రకటించి పెట్టుబడులు సేకరించెను. 1996లో ఒహాయో రాష్ట్ర న్యాయస్థానము దానిని మోసమని తీర్మానించి, ఇద్దఱికి 25,000 డాలర్లు తిరిగి యీయవలెనని తీర్పు చెప్పెను. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనము పొదుపు చేయునని చెప్పబడిన సాధనములను నూటికి పైగా పరిశీలించి, మైలేజీని గణనీయముగా పెంచునది ఒక్కటియు కానరాలేదని తెల్పెను.

మన బాలబాలికలకు ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. గాలిలో నూటికి 4 మొదలు 75 వంతుల వఱకు ఉదజని యున్నచో అది నిప్పురవ్వకు భగ్గున ప్రేలును. ఆమ్లజనితో కలిసి డబ్బాలోనే నిలిచియున్న వాయువు మఱింత అపాయకరము. కాస్టిక్ పొటాషు కన్నులలో పడినచో చూపునకే చేటు. ఉక్కు పలకలనుండి క్రోమియము విషము నీటిలోనికి దిగగలదు. ఆ నీటిని మోరీలో పారబోయరాదు. కావున ఎవ్వరును దీనిని ఇంటిలో చేయరాదు.

దీనివలన ఉదజని పనికిరానిదని యెవ్వరును తలంపకుందురు గాక. 2023 జనవరిలో భారత ప్రభుత్వము 19,744 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ హరిత హైడ్రోజను పథకమును ఆమోదించెను. సూర్యరశ్మితోను, గాలితోను పుట్టిన విద్యుత్తుచే నీటిని విడదీసి, ఆ ఉదజనిని ఎరువులకు, ఉక్కు పరిశ్రమకు, వాహనములకు వాడుట దాని యుద్దేశము. అక్కడను నష్టము తప్పదు. కాని తిండి వెలుపలినుండి, సూర్యునినుండి వచ్చును. మన విద్యార్థులలో ఎవరైన ఆ పనికి పూనుకొందురేని మేము మిక్కిలి సంతోషింతుము.

బండి నడుపు తల్లిదండ్రులకు మేము మనవి చేయునది చిన్నది. వారమున కొకసారి టైర్లలో గాలి చూపించుకొనుడు. బండ్లు చాలసేపు నిలిచిపోవుచోట ఇంజనును ఆపుడు. వీలైనచోట గంటకు 45 మొదలు 55 కిలోమీటరుల నిలుకడ వేగమున నడుపుడు. పోసిన పెట్రోలును, నడచిన దూరమును ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. దీనికి అయ్యెడి ఖర్చు పుస్తకము, పెన్సిలు వెల మాత్రమే. ఎవరైన క్రొత్త సాధనమును తెచ్చినచో, దానిని నెల దినములు ఉచితముగా పెట్టి, మీకు తెలియకుండ కొన్ని దినములు ఆపి చూపుమని అడుగుడు. దానికి ఒప్పుకొననివానికి సొమ్ము ఈయకుడు.

సామెతల గ్రంథము దొంగ త్రాసును గూర్చి పలికిన మాటను ఉదయ ప్రార్థనలలో మనము పలుమారు వినియున్నాము. ఆ మాట అంగడివానికే కాదు, ప్రయోగశాలలో నిలుచువానికిని వర్తించును. సరియైన త్రాసు పట్టి, అది చూపినదానిని పొరుగువానికి మర్యాదతో తెలుపగలవారుగా మన పిల్లలు ఈ పాఠశాలనుండి వెలువడుదురు గాక.